యూరియా తేని కాడ్మియం

రసాయన ఎరువుల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా నాకు రెండు వాదనలు ఎదురవుతూ ఉంటాయి. యూరియా చల్లిన కొద్దీ పంటలోకి కాడ్మియం, సీసం వంటి భార లోహాలు చేరతాయనీ, కాబట్టి ఆ సంచిని పొలం గట్టు ఎక్కనివ్వకూడదనీ ఒకరు అంటారు. నత్రజని ఎరువు తయారయ్యేది గాలిలోని నత్రజనితోనే కనుక దానిలో లోహాల ఊసే ఉండదనీ, భయమంతా అపోహేననీ మరొకరు కొట్టిపారేస్తారు. మొదటివారు చెప్పే ఫలితంలో కొంత నిజం ఉంది కానీ చెప్పే కారణం తప్పు. రెండోవారు చెప్పే కారణం సరైనదే కానీ దాని నుంచి తీసిన నిర్ధారణ తప్పు. నత్రజని ఎరువు లోహాన్ని మోసుకురాకపోయినా, నేలలో ఏళ్ల తరబడి కదలక పడి ఉన్న లోహాన్ని వేరుకు అందే స్థితికి తేగలదు. అది ఎంత మేరకు జరుగుతుందో తెలియాలంటే ఎన్ని కిలోల నత్రజని వేశామని మాత్రమే అడిగితే చాలదు, అది ఏ రూపంలో, ఎలాంటి నేలలో పడిందో కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్నను ఎరువుల సిఫార్సులు దాదాపుగా వదిలేస్తున్నాయన్నది నా ఫిర్యాదు.

ముందుగా సంచిలో ఏముందో తేల్చుకుందాం. 1909లో ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో సాధించి, 1913లో జర్మనీలోని ఒప్పావులో కర్మాగారం స్థాయికి చేరిన పద్ధతిలో గాలిలోని నత్రజనిని, ఉదజనిని అధిక పీడనం కింద కలిపి అమ్మోనియా చేస్తారు. యూరియా దాని నుంచే వస్తుంది. ఈ దారిలో ఎక్కడా రాతి ఖనిజం ఎరువులోకి చేరదు కాబట్టి యూరియాలో భార లోహాలు లెక్కలోకి రానంత తక్కువగా ఉంటాయి. ఫాస్ఫేట్ ఎరువుల సంగతి వేరు. వాటికి మూలమైన రాక్ ఫాస్ఫేట్, ముఖ్యంగా సముద్రగర్భంలో పేరుకున్న అవక్షేపాల నుంచి తవ్వినది, కాడ్మియాన్ని తనలో ఇముడ్చుకుని ఉంటుంది. అందుకే ఐరోపా సమాఖ్య 2022 జూలై నుంచి ఫాస్ఫేట్ ఎరువుల్లో ప్రతి కిలో ఫాస్ఫరస్ పెంటాక్సైడ్‌కు 60 మిల్లీగ్రాముల కాడ్మియం మించరాదని పరిమితి పెట్టింది. నత్రజని, ఫాస్ఫేట్ రెండూ ఉండే డీఏపీ వంటి సంయుక్త ఎరువు వేసి, అందులోని కాడ్మియం తప్పును నత్రజని మీదికి నెట్టడం తరచుగా జరిగే పొరపాటు.

అయితే లోహం పొలానికి చేరడానికి ఎరువొక్కటే దారి కాదు. మాతృశిల నుంచి సహజంగా వచ్చేది కొంత ఉంటుంది, దానికి గనుల నుంచి, మురుగునీటి నుంచి, పొగగొట్టాల నుంచి వచ్చి చేరేది తోడవుతుంది. చేరిన లోహంలో ఎక్కువ భాగం బంకమట్టి రేణువుల ఉపరితలాన్నీ, సేంద్రియ పదార్థాన్నీ, ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లనూ అంటిపెట్టుకుని ఉంటుంది. మట్టిలోని నీటిలో కరిగి ఉండేది చాలా స్వల్పం, వేరు తాగగలిగేది ఆ స్వల్పాన్నే. కాబట్టి నేలలో మొత్తం ఎంత కాడ్మియం ఉందన్న అంకె ఒక్కటే చూసి పంటలో ఎంత ఉంటుందో చెప్పలేం. అంటిపెట్టుకున్నదానికీ కరిగినదానికీ మధ్య తూకాన్ని తిప్పే ప్రధాన శక్తి నేల ఆమ్లత్వం. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఉదజని అయాన్ల గాఢత పది రెట్లు పెరుగుతుంది. అవి మట్టి రేణువుల మీది స్థానాలను ఆక్రమించే కొద్దీ కాడ్మియం, జింకు, నికెల్ వంటి ధనావేశ అయాన్లు నీటిలోకి దిగుతాయి.

నత్రజని రంగంలోకి వచ్చేది ఇక్కడే. అమ్మోనియం రూపంలో నేలలో పడిన నత్రజనిని సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ నత్రీకరణలో ఒక్కో అమ్మోనియం అయాన్‌కు రెండేసి ఉదజని అయాన్లు వెలువడతాయి. యూరియా మొదట అమ్మోనియంగా విచ్ఛిన్నమయ్యేటప్పుడు ఆమ్లాన్ని కొంత తినేస్తుంది కాబట్టి గుళిక చుట్టూ పీహెచ్ కొద్ది రోజులు పైకి పోయి, తరువాత నత్రీకరణతో కిందికి దిగుతుంది. ఆ లెక్కలో యూరియా చివరికి మిగిల్చే ఆమ్లం అమ్మోనియం సల్ఫేట్ మిగిల్చేదానిలో సగం. పుట్టిన నైట్రేట్ అంతా వేరుకు దక్కకుండా నీటితో పాటు లోతుకు కొట్టుకుపోయిందనుకుంటే, 100 కిలోల నత్రజనిని యూరియాగా వేసినప్పుడు పుట్టే ఆమ్లాన్ని విరవడానికి సుమారు 360 కిలోల సున్నపురాయి పొడి, అమ్మోనియం సల్ఫేట్‌గా వేసినప్పుడు సుమారు 710 కిలోల పొడి కావాలి. ఇది రసాయన సమీకరణం ప్రకారం గరిష్ఠ పరిమితి. మొక్క నైట్రేట్‌ను తీసుకున్న మేరకు క్షారాన్ని తిరిగి వదులుతుంది కనుక పొలంలో నష్టం ఇంతకన్నా తక్కువే ఉంటుంది. కాల్షియం నైట్రేట్ వేసినప్పుడు నత్రీకరణ అవసరమే లేదు కాబట్టి ఈ ఆమ్లం పుట్టదు.

ఈ మార్పు ఎంత దూరం పోగలదో తెలియాలంటే ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో 1856 నుంచి ఎడతెగక సాగుతున్న పార్క్ గ్రాస్ ప్రయోగాన్ని చూడాలి. అక్కడ ఏటేటా అమ్మోనియం సల్ఫేట్ వేసి, సున్నం వేయకుండా వదిలిన మడుల్లో పీహెచ్ 4 కన్నా కిందికి పడిపోయింది, పదుల సంఖ్యలో ఉండాల్సిన మొక్కజాతుల్లో ఆమ్లాన్ని తట్టుకునే ఒకటి రెండు మాత్రమే మిగిలాయి. అదే మైదానంలో సోడియం నైట్రేట్ వేసిన మడుల నేల అలా పులిసిపోలేదు. రెండు చోట్లా వేసింది నత్రజనే.

ఇదంతా నేల మొత్తానికి సంబంధించిన మార్పు, ఏళ్ల మీద జరిగేది. నన్ను ఈ విషయంలోకి లాగింది మాత్రం గంటల్లో, మిల్లీమీటర్ల దూరంలో జరిగే మార్పు. విద్యార్థిగా ఉన్నప్పుడు వేరు చుట్టూ పీహెచ్‌ను కంటితో చూసే ఒక పాత పద్ధతిని నేర్చుకున్నాను. పలుచని అగర్ ద్రావణంలో బ్రోమోక్రెసాల్ పర్పుల్ అనే రంజకాన్ని కలిపి, పీహెచ్ 6కు సరిచేసి, గోరువెచ్చగా ఉండగానే మొక్కజొన్న మొలకల వేళ్ల మీద పోసి గడ్డకట్టనివ్వాలి. ఆ రంజకం పీహెచ్ 5.2కు దిగువన పసుపుగా, 6.8కి ఎగువన ఊదాగా కనిపిస్తుంది. ఒకే విత్తనాల నుంచి వచ్చిన మొలకలను కొన్ని రోజులు వేర్వేరుగా అమ్మోనియం మీద, నైట్రేట్ మీద పెంచి, రెండు పళ్లేల్లో పరిచి పెట్టాను. కొన్ని గంటల తరువాత చూస్తే అమ్మోనియం మొలక వేరు పొడవునా, వేరు మందానికి కొన్ని రెట్ల వెడల్పున, పసుపు పట్టీ పరుచుకుని ఉంది. నైట్రేట్ మొలక చుట్టూ ఊదా రంగు ఇంకా చిక్కబడింది. ఆ పట్టీ అంచున వేలు పెట్టి చూపిస్తూ, ఇక్కడికి ఇక్కడికే రెండు వేరు వేరు నేలలున్నాయని మా గురువుగారు అన్నారు. కారణం విద్యుదావేశ సమతుల్యత. వేరు ధనావేశమున్న అమ్మోనియంను లోపలికి తీసుకున్నప్పుడు బదులుగా ఉదజని అయాన్‌ను బయటికి వదులుతుంది, ఋణావేశమున్న నైట్రేట్‌ను తీసుకున్నప్పుడు ఉదజని అయాన్లను వెంట తీసుకుపోతుంది, లేదా బైకార్బనేట్‌ను వదులుతుంది. నిజమైన మట్టిలో కూడా వేరు ఉపరితలానికీ, కొన్ని మిల్లీమీటర్ల ఆవలి మట్టికీ మధ్య పీహెచ్ తేడా ఒకటి, ఒక్కోసారి రెండు అంకెల దాకా ఉండగలదు. భూసార పరీక్షకు మనం పంపే నమూనా ఆ ఆవలి మట్టి. కాడ్మియం వేరులోకి దిగేది ఈవలి మట్టి నుంచి.

ఇంతవరకు చదివినవారికి అమ్మోనియం చెడ్డది, నైట్రేట్ మంచిది అనే సూత్రం చేతికందినట్టు అనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు, సరిగ్గా దీనికి ఎదురుగా, అటువంటి సూత్రమే అందినట్టు అనిపించింది. పోషక ద్రావణంలో, మట్టి లేకుండా పెంచిన మొక్కల్లో అమ్మోనియం మీద పెరిగినవాటికన్నా నైట్రేట్ మీద పెరిగినవాటిలోనే కాడ్మియం ఎక్కువగా కనిపించింది. అది నా ఒక్కడి అనుభవం కాదు. వరి మీద, కాడ్మియాన్ని అసాధారణంగా కూడబెట్టుకునే నాకియా సెరులెసెన్స్ అనే మొక్క మీద ద్రావణాల్లో చేసిన పరిశోధనలు కూడా అదే చెప్పాయి. దీనికి బలమైన కారణాలూ ఉన్నాయి. అమ్మోనియం స్వయంగా ధనావేశ అయాన్ కనుక కణత్వచం, అంటే కణం చుట్టూ ఉండే పలుచని పొర, దగ్గర ఇతర ధనావేశ అయాన్ల ప్రవేశాన్ని తగ్గిస్తుంది. నైట్రేట్ లోపలికి పోతే ఆ ఋణావేశాన్ని సరితూచడానికి ధనావేశ అయాన్లు తోడు పోవలసి ఉంటుంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో నైట్రేట్‌ను లోపలికి చేర్చే ఎన్‌ఆర్‌టీ1.1 అనే ప్రోటీన్ పనిచేయకుండా చేస్తే కాడ్మియం చేరడం కూడా తగ్గిందని తేలింది. ఇవన్నీ కూర్చి, కాడ్మియం ఉన్న నేలలకు అమ్మోనియం ఎరువులే మేలని ఒక సమావేశంలో ధీమాగా చెప్పాను. సభలో ఒక పెద్దాయన లేచి, "మీ ద్రావణం పీహెచ్‌ను రోజూ ఎవరు సరిచేశారండీ?" అని అడిగారు. సరిచేసింది నేనే. ప్రతి ఉదయం క్షారం చుక్కలు వేసి పీహెచ్‌ను కదలకుండా పట్టి ఉంచాను. పొలంలో ఏ ఆమ్లత్వం వల్ల కాడ్మియం మట్టిని వదిలి నీటిలోకి వస్తుందో, ఆ ఆమ్లత్వాన్ని నా చేతులతోనే తీసేసి, తరువాత పొలానికి సలహా చెప్పాను. పైగా నా ద్రావణంలో కాడ్మియాన్ని పట్టి ఉంచే మట్టి రేణువే లేదు.

ఆ రోజు నుంచి నేను ఏ పరిశోధన ఫలితం విన్నా మొదట అడిగేది అది ద్రావణంలో చేసినదా, మట్టిలో చేసినదా అని. ద్రావణం చెప్పేది కణత్వచం దగ్గర ఏం జరుగుతుందో. మట్టి చెప్పేది కణత్వచం దాకా ఎంత లోహం చేరుతుందో. కొద్దిగా ఆమ్ల స్వభావమున్న మెట్ట నేలల్లో రెండోది మొదటిదాన్ని మించిపోవడం మామూలు, అందుకే అక్కడ అమ్మోనియం ఎరువు కాడ్మియాన్ని పెంచుతుంది. సున్నపు శాతం ఎక్కువగా ఉండి పీహెచ్‌ను గట్టిగా నిలబెట్టుకునే నేలలో ఆ తేడా చిన్నదవుతుంది. పుస్తకాల్లో కనిపించే పరస్పర విరుద్ధ ఫలితాల్లో చాలావాటిని ఈ ఒక్క ప్రశ్నతో విడదీయవచ్చునని నా నమ్మకం.

ఎరువులో నత్రజనికి జతగా వచ్చే అయాన్ కూడా ఊరుకోదు. అమ్మోనియం క్లోరైడ్‌లోని క్లోరైడ్ కాడ్మియంతో జతకట్టి, మట్టికి తేలిగ్గా అంటుకోని, నీటిలో కదిలే రూపాన్నిస్తుంది. లవణాలు పేరుకున్న నేలల్లో పీహెచ్ ఎక్కువగా ఉన్నా పంటలో కాడ్మియం పెరగడానికి ఇదొక కారణం. కాల్షియం నైట్రేట్‌లోని కాల్షియం మట్టి మీది కాడ్మియాన్ని కొంత కదిలించినా, వేరు ద్వారం దగ్గర దానితో పోటీ పడుతుంది.

ఇక ఎరువు వల్ల మొక్క ఏపుగా పెరగడం సంగతి. నత్రజని చాలని మొక్కకు నత్రజని ఇస్తే బరువు పెరుగుతుంది, పీల్చుకున్న లోహం ఆ బరువంతటా పలచబడుతుంది. ఊహకోసం ఒక లెక్క వేద్దాం. ఎరువు వేయని మడిలో 1 టన్ను ఆకుకూర పండి, కిలోకు 0.20 మిల్లీగ్రాముల కాడ్మియం ఉంటే నేల నుంచి పైకి వచ్చింది 200 మిల్లీగ్రాములు. ఎరువు వేసిన మడిలో 2 టన్నులు పండి, కిలోకు 0.15 ఉంటే వచ్చింది 300 మిల్లీగ్రాములు. తినేవారి లెక్కలో రెండో మడి మేలు. నేల నుంచి కదిలిన లోహం లెక్కలో రెండో మడిదే ఎక్కువ. ఒకే ప్రయోగాన్ని చూపి ఎరువు లోహాన్ని తగ్గించిందనీ, పెంచిందనీ ఇద్దరు వాదించుకోవచ్చు, ఇద్దరూ నిజమే చెబుతారు. కాబట్టి గాఢతనూ మొత్తాన్నీ విడివిడిగా ఇవ్వని ఫలితాన్ని నేను పూర్తి ఫలితంగా తీసుకోను.

గింజ విషయంలో ఈ పలచబడటాన్ని నమ్ముకోవడం ఇంకా ప్రమాదం. గోధుమ మీద జరిపిన పొలం ప్రయోగాల్లో నత్రజని మోతాదు పెరిగినప్పుడు దిగుబడితో పాటు గింజలోని కాడ్మియం గాఢత కూడా పెరగడం పలుమార్లు కనిపించింది. నేల ఆమ్లత్వం ఒక కారణమైతే, మొక్క లోపలి రవాణా మరొకటి. గింజ పాలు పోసుకునే దశలో ఆకులు పండిపోతూ తమ ప్రోటీన్లను విడగొట్టి గింజకు పంపుతాయి, ఆ ప్రయాణంలో జింకు, ఇనుము కూడా తరలుతాయి. గోధుమలో ఈ తరలింపును నడిపే ఎన్‌ఏఎం-బీ1 అనే జన్యువును 2006లో గుర్తించారు. నత్రజని బాగా అందిన పంటలో గింజకు చేరే ప్రోటీనుతో పాటు జింకు పెరగడం పోషకాహార దృష్టితో శుభవార్త. కానీ ఆవర్తన పట్టికలో కాడ్మియం జింకుకు సరిగ్గా కిందనే ఉంటుంది, మొక్క చాలా ద్వారాల దగ్గర ఈ రెంటినీ స్పష్టంగా వేరుచేయలేదు. గింజలో జింకు పెరగాలని మనం చేసే ప్రతి పనిలోనూ కాడ్మియం వైపు ఒక చూపు ఉంచక తప్పదు. జింకు కొరత ఉన్న నేలకు జింకు ఇస్తే అది పోటీ పడి కాడ్మియాన్ని కొంత వెనక్కి నెట్టగలదన్నది ఇదే బంధుత్వం వల్ల దొరికే ఒక సౌకర్యం.

నత్రజనికి మరో పాత్ర ఉంది, దాన్ని మెచ్చుకుంటూ రాసేవారు దాని రెండో వైపును సాధారణంగా చెప్పరు. లోహపు తాకిడికి గురైన మొక్క గ్లుటాథయోన్ నుంచి ఫైటోకెలాటిన్లు అనే చిన్న పెప్టైడ్లను తయారుచేసుకుంటుంది. 1985లో వెలుగులోకి వచ్చిన ఈ పదార్థాలు కాడ్మియాన్ని కౌగిలించినట్టు పట్టుకుని కణంలోని రిక్తిక అనే నిల్వ సంచిలోకి చేరుస్తాయి. వాటిని కట్టడానికి కావలసిన అమైనో ఆమ్లాలకు నత్రజని, గంధకం రెండూ కావాలి కాబట్టి, నత్రజని బాగా అందిన మొక్క కాడ్మియం దెబ్బను తట్టుకుని పచ్చగా నిలుస్తుంది. దీన్ని నత్రజని వల్ల కాడ్మియం విషప్రభావం తగ్గిందని రాస్తారు. తగ్గింది మొక్క మీద. రిక్తికలో దాచిన కాడ్మియం ఆకులోనే ఉంది, ఆ ఆకును తినేవారికి అది చేరుతుంది. పసుపుబారి ఎండిపోయిన మొక్క కనీసం తన జబ్బును తాను చెబుతుంది. నిగనిగలాడే ఆకు ఏమీ చెప్పదు. మనిషి మూత్రపిండాల్లో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికి 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది, అందుకే ఈ మౌనం నన్ను కలవరపెడుతుంది.

సీసాన్ని ఈ చర్చలో ఎక్కువసేపు నిలపనవసరం లేదు. అది మట్టిని గట్టిగా పట్టుకుంటుంది, వేరులోకి పోయినా చాలా వరకు అక్కడే ఆగుతుంది, ఆకుల మీద కనిపించేదానిలో ఎక్కువ భాగం దుమ్ము. భార లోహాలు అని అన్నింటినీ ఒకే గాటన కట్టి నత్రజని ప్రభావం ఇదీ అని చెప్పడం ఎందుకు పొరపాటో మాత్రం వరి మడి చక్కగా చూపిస్తుంది.

జపాన్‌లోని జింజు నదీ తీరంలో గని వ్యర్థాలతో కలుషితమైన నీరు పారిన మాగాణుల బియ్యం తిన్నవారికి ఎముకలు పెళుసుబారి విరిగిపోయిన వ్యాధిని, నొప్పితో వారు పెట్టిన మూలుగుల పేరుతోనే ఇతై-ఇతై అన్నారు. దానికి మూలం కాడ్మియమని 1968లో అక్కడి ప్రభుత్వం అధికారికంగా అంగీకరించింది. తరువాత ఆ దేశపు కాడ్మియం నేలల్లో పాటించిన జాగ్రత్తల్లో ఒకటి, కంకి వేసే కాలానికి అటూ ఇటూ మడిలో నీరు తీయకపోవడం. నీరు నిలిచిన మట్టిలో ప్రాణవాయువు అయిపోతుంది, సల్ఫేట్ సల్ఫైడ్‌గా మారుతుంది, కాడ్మియం దానితో కలిసి దాదాపు కరగని పదార్థంగా స్థిరపడుతుంది. పీహెచ్ కూడా తటస్థ స్థితి వైపు జరుగుతుంది. అంటే మెట్టలో కాడ్మియాన్ని కదిలించే అమ్మోనియం సల్ఫేట్, నీరు నిలిచిన మడిలో సల్ఫేట్‌ను అందించి దాన్ని బంధించడానికి తోడ్పడవచ్చు. అదే మడిలో నీరు తీసేస్తే సల్ఫైడ్ తిరిగి ఆక్సీకరణం చెంది, ఆమ్లం పుట్టి, కాడ్మియం విడుదలవుతుంది. ఆర్సెనిక్ సరిగ్గా దీనికి ఎదురు నడుస్తుంది. నీరు నిలిచినప్పుడు ఇనుము ఆక్సైడ్లు కరిగి, వాటిని అంటుకున్న ఆర్సెనిక్ బయటపడి, సిలికాన్ కోసం ఉన్న ద్వారాల గుండా వరిలోకి పోతుంది. నైట్రేట్ ఉన్నంతసేపు మట్టిలోని సూక్ష్మజీవులు ఇనుముకన్నా ముందు దాన్ని వాడుకుంటాయి కాబట్టి ఆర్సెనిక్ విడుదల ఆలస్యమవుతుంది. కానీ నీటి మడిలో నైట్రేట్ నిలవదు, వాయురూపంలో పోతుంది. ఒకే మడిలో కాడ్మియం, ఆర్సెనిక్ రెండూ ఉంటే నీటినీ నత్రజనినీ కలిపి ఆలోచించక తప్పదు, ఒక్క ఎరువు పేరు చెప్పి తప్పుకోవడానికి వీల్లేదు.

నత్రజని వేసి లోహాన్ని మొక్కతోనే లాగించి నేలను శుభ్రం చేయవచ్చన్న ఆశ గురించి కూడా ఒక లెక్క చెబుతాను. ఒక హెక్టారులో పైనున్న 20 సెంటీమీటర్ల మట్టి సుమారు 2,600 టన్నులు తూగుతుంది. అందులో కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున కాడ్మియం తగ్గించాలంటే 2.6 కిలోల కాడ్మియం బయటికి రావాలి. కిలోకు 1 మిల్లీగ్రాము కాడ్మియం ఉన్న మామూలు పంట హెక్టారుకు 10 టన్నులు పండితే తీసుకుపోయేది 10 గ్రాములు. అంటే 260 పంటలు. నత్రజనితో బరువును రెట్టింపు చేసినా 130. కిలోకు వెయ్యి మిల్లీగ్రాములకు మించి కాడ్మియాన్ని పట్టగల దక్షిణ ఫ్రాన్సు నాకియా రకాల వంటివాటితో తప్ప ఈ లెక్క మనిషి జీవితకాలంలో తేలదు. తిండి పంటల మధ్య నేలను శుభ్రం చేస్తున్నామని చెప్పుకోవడం నాకు ఆమోదం కాదు.

ఈ కారణాలతో నత్రజనిని మానేయమని నేను చెప్పను. ప్రపంచ జనాభాలో సుమారు సగం మంది తిండి హేబర్ పద్ధతి నత్రజని మీదే నిలబడి ఉంది. నేను అడిగేది ఇంకా చిన్నది, ఇంకా నిర్దిష్టమైనది. కాడ్మియం ఉన్నట్టు తెలిసిన నేలకు ఇచ్చే సిఫార్సు హెక్టారుకు ఇన్ని కిలోల నత్రజని అని ఆగిపోకూడదు. ఏ రూపంలో, ఎన్ని దఫాల్లో అనీ, ఆ రూపం మిగిల్చే ఆమ్లానికి ఎంత సున్నం కావాలో కూడా అదే కాగితం మీద ఉండాలి. మెట్ట నేలలో పీహెచ్ 6.5కు దిగువన ఉంటే సున్నం వేయకుండా అమ్మోనియం ఎరువును ఏటేటా కొనసాగించమనడం తప్పు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం కాడ్మియం పరిమితి పాలిష్ చేసిన బియ్యంలో కిలోకు 0.4 మిల్లీగ్రాములు, గోధుమలో 0.2 మిల్లీగ్రాములు. అలాంటి నేల మీద ఎరువు రూపం మార్చినప్పుడు గింజను ఈ పరిమితులతో పోల్చి చూడాలి, దిగుబడిని మాత్రమే తూచి వదిలేయకూడదు.

మట్టి నమూనా తీసే పద్ధతిలో కూడా ఒక చిన్న చేర్పు కావాలి. కోతకు ముందు కొన్ని మొక్కలను మెల్లగా పెకలించి, ఒకసారి దులిపి, అప్పటికీ వేళ్లను అంటుకుని ఉన్న మట్టిని మెత్తని కుంచెతో విడిగా రాల్చి, వరుసల మధ్య మట్టితో కలపకుండా దాని పీహెచ్‌ను చూడాలి. కొద్ది గ్రాముల మట్టి, స్వేదనజలం, పీహెచ్ మీటరు ఉంటే చాలు. ఆ అంకెనూ, వరుసల మధ్య మట్టి పీహెచ్ అంకెనూ పక్కపక్కన రాస్తే, ఆ పొలంలో వేసిన నత్రజని వేరు దగ్గర ఆ పంటకాలంలో ఏం చేసిందో చదవవచ్చు.